ఒకే చోటుకి రెండు పేర్లు: ధరమ్‌కాంటా దగ్గరి దయ్యం కథ

2008 ఎండాకాలంలో రాయపూర్‌లో మేము తయారుచేసిన ఒక పెట్టెకి దయ్యం పట్టింది. కనీసం మా ఆఫీసులో సగంమంది అలాగే అనుకున్నారు. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అంచేత ఆ దయ్యం ఎక్కడ పుట్టిందో, దాన్ని ప్రపంచంలో ఎవరెవరు ఎలా కట్టడి చేశారో ఈ వ్యాసంలో చెబుతాను. ఇందులో కొంత కంప్యూటర్ల చరిత్ర ఉంటుంది. ఆ సంగతులు తెలియనివాళ్ళు భయపడనక్కర్లేదు. కిరాణా కొట్టులో ఖాతా పెట్టిన అనుభవం ఉంటే చాలు.

రాయపూర్ చుట్టూ ఉర్లా, సిల్తరా వంటి పారిశ్రామికవాడలున్నాయి. అక్కడి స్పాంజి ఐరన్ ఫ్యాక్టరీలకి బొగ్గూ, ఇనుప ఖనిజమూ మోసుకొచ్చే లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. లోపలికి పోయేముందు ప్రతి లారీ వేబ్రిడ్జి ఎక్కాలి. ఇక్కడివాళ్ళు దాన్ని ధరమ్‌కాంటా అంటారు. నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీ ఈ కాంటాల దగ్గర పెట్టడానికి కెమెరా పెట్టె ఒకటి తయారుచేసింది. లారీ కాంటా ఎక్కగానే నంబరుప్లేటు ఫోటో తీసి, బరువుతోబాటు చీటీ మీద అచ్చు వెయ్యడం దాని పని. లోపల ఏఆర్ఎం 9 తరం చిప్పు, లినక్స్ ఆపరేటింగ్ సిస్టం, కెమెరాని నడిపించడానికి మేమే రాసుకున్న డ్రైవరు ఉండేవి.

పెట్టె బాగానే పనిచేసేది. కాని అప్పుడప్పుడూ ఫోటోలో సన్నటి అడ్డగీతలు వచ్చేవి. పరీక్షగా చూస్తే అవి ఉత్త గీతలు కావు, అంతకుముందు వెళ్ళిపోయిన లారీ నంబరుప్లేటు ముక్కలు! లారీ వెళ్ళిపోయినా దాని నీడ తెర మీద మిగిలిపోయినట్టుండేది. పైగా ఇది ఎక్కువగా సాయంత్రం చీకటిపడే వేళకే జరిగేది. ఇక చెప్పేదేముంది, కాంటా కాపలాదారు సంధ్యవేళ గురించి తనకి తెలిసినవన్నీ చెప్పాడు. మా యజమాని పంతుల్ని పిలిపించి పెట్టెకి పూజ చేయించి, నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడదీయించాడు.

అంతటితో ఆగితే నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. కాని మెమరీ చిప్పుల్ని బోర్డు మీద అతికించిన కుర్రాడొకడుండేవాడు. పక్క పల్లెనుంచి వచ్చి, ఐటీఐ చదువుకుని, మొదటి ఉద్యోగంలో చేరినవాడు. అతని హస్తవాసి మంచిది కాదన్నమాట మెల్లిగా పుట్టింది. "ఆ బోర్డులు ముట్టుకోనివ్వకండి" అన్నారు. నెలాఖరుకి మానిపించేద్దాం అన్నారు. గీతలు ఎందుకొస్తున్నాయో ఎవరికీ తెలియదు, అతని చెయ్యి మాత్రం మంచిది కాదని అందరికీ తెలిసిపోయింది.

అసలు కారణాన్ని వివరించాలంటే నేను పుట్టిపెరిగిన కాలనీకి వెళ్ళాలి. విజయనగరం వైపునుంచి రాయపూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన పనికోసం వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాల్లో మాదొకటి. వ్యాగన్ రిపేర్ షాపు దగ్గరున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టరు. పక్కనే ఒక శేఠ్‌జీ కిరాణా కొట్టుండేది. అందరి బాకీలూ రాసే పెద్ద ఖాతా పుస్తకం లోపలి గదిలో బీరువాలో ఉండేది. ప్రతిసారీ లేచి వెళ్ళలేక శేఠ్‌జీ గల్లాపెట్టె పక్కన చీటీల అట్ట ఒకటి పెట్టుకున్నాడు. ఎవరైనా వస్తే వాళ్ళ బాకీని పుస్తకంలోంచి ఒక చీటీ మీదికి ఎక్కించుకుని, పేరు రాసి అట్టకి గుచ్చేవాడు. రోజంతా ఆ చీటీ మీదే కూడికలూ తీసివేతలూ చేసి, రాత్రి కొట్టు కట్టేముందు పుస్తకంలోకి దించేవాడు.

మా నాన్న కొట్టుకి వెళ్తే "అప్పారావు ఖాతా" అనేవాడు. నేను వెళ్తే "క్వార్టర్ నంబర్ పన్నెండు" అనేవాణ్ణి. రెండూ ఒకే పేజీ అని పుస్తకం చూస్తే తెలుస్తుంది, చీటీల అట్ట చూస్తే తెలియదు. ఒకరోజు పొద్దున్న మా బాకీ 500 రూపాయలు. నేను వెళ్ళి 20 రూపాయల పంచదార తెచ్చాను. నా చీటీలో 520 పడింది. మధ్యాహ్నం నాన్న వెళ్ళి 300 కట్టాడు. అతని పేరుతో వేరే చీటీ తయారై, అందులో 200 పడింది. రాత్రి శేఠ్‌జీ ముందు నాన్న చీటీని దించి 200 రాశాడు. తర్వాత నా చీటీని దించి, దాన్ని కొట్టేసి 520 రాశాడు. మేము కట్టిన 300 గాలిలో కలిసిపోయింది. శేఠ్ మోసం చేశాడని మా అమ్మ, అబద్ధం ఆడుతున్నామని శేఠ్ వారంరోజులు పోట్లాడుకున్నారు. నిజానికి ఎవరూ మోసం చెయ్యలేదు, కూడికలో తప్పు కూడా లేదు. ఒకే పేజీకి రెండు పేర్లు, రెండు పేర్లకి రెండు చీటీలు. అంతే.

కంప్యూటర్లో పెద్ద పుస్తకం పేరు మెమరీ. చీటీల అట్ట పేరు క్యాష్. ఇది నగదు అనే మాట కాదు, దాచిన చోటు అనే అర్థమున్న ఫ్రెంచి మాటనుంచి వచ్చింది. ఒకే చోటు రెండు పేర్లతో క్యాష్‌లో రెండుచోట్ల చేరడాన్ని క్యాష్ ఏలియాసింగ్ అంటారు. పోలీసు రికార్డుల్లో "ఉరఫ్" అని రాస్తారే, ఆ ఏలియాసే ఇది.

అసలు మెమరీలోని చోటుకి రెండు పేర్లు ఎందుకుండాలి? ఇది 1962లో మొదలైంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యూనివర్సిటీలో టాం కిల్‌బర్న్ బృందం తయారుచేసిన అట్లాస్ అనే కంప్యూటర్‌ని ఆ ఏడాది డిసెంబర్ 7న ప్రారంభించారు. దాని ప్రధాన మెమరీ 16 వేల పదాలే. అదికాక తిరిగే డ్రమ్ము మీద 96 వేల పదాలుండేవి. ఈ రెంటినీ కలిపి, ప్రోగ్రాం రాసేవాడికి అంతా ఒకటే పెద్ద మెమరీ అన్నట్టు చూపించాలని వాళ్ళ ఆలోచన. అందుకోసం మెమరీని 512 పదాల పేజీలుగా విభజించారు. ప్రోగ్రాం వాడే అడ్రసు ఒక పేరు మాత్రమే. ఆ పేరున్న పేజీ నిజంగా ఎక్కడుందో యంత్రం చూసుకుంటుంది. ఇదే తరవాత వర్చువల్ మెమరీ అయింది. ప్రోగ్రాం పలికే పేరు వర్చువల్ అడ్రసు, నిజమైన చోటు ఫిజికల్ అడ్రసు. అప్పటినుంచి పేరూ చోటూ వేరైపోయాయి.

రెండో ఆలోచన 1965లో కేంబ్రిడ్జినుంచి వచ్చింది. మారిస్ విల్క్స్ రెండే పేజీల వ్యాసంలో, పెద్ద నెమ్మది మెమరీ పక్కన చిన్న వేగవంతమైన మెమరీ పెట్టి, ఇటీవల వాడినవాటిని అందులో ఉంచుకోవచ్చని రాశాడు. దానికి బానిస మెమరీ అని పేరుపెట్టాడు. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టం 360 మోడల్ 85లో ఇది వ్యాపార స్థాయిలో అమల్లోకొచ్చింది. ఐబీఎం వారి పత్రికలో ఆ యంత్రం గురించి వ్యాసాలు అచ్చవుతున్నప్పుడు క్యాష్ అనే మాట స్థిరపడింది. మోడల్ 85లో వర్చువల్ మెమరీ లేదు. పేరే చోటు కనక ఏలియాసు పుట్టే అవకాశమే లేదు.

రెండు మంచి ఆలోచనలు. విడివిడిగా దేనిలోనూ లోపం లేదు. రెంటినీ ఒకే యంత్రంలో పెట్టినప్పుడు మాత్రం ఒక ప్రశ్న లేస్తుంది. చీటీల అట్టలో దేన్నిబట్టి వెతకాలి, పేరునిబట్టా, చోటునిబట్టా? చోటునిబట్టి వెతకాలంటే ముందు పేరుని చోటుగా మార్చాలి. దానికి టైం పడుతుంది. ప్రతిసారీ ఆ ఆలస్యం భరిస్తే క్యాష్ పెట్టిన ప్రయోజనం కొంత పోతుంది. పేరునిబట్టి నేరుగా వెతికితే వేగం వస్తుంది, దాంతోబాటు మా శేఠ్‌జీ సమస్యా వస్తుంది. బర్క్‌లీలో పనిచేసిన ఆలన్ జే స్మిత్ 1982లో క్యాష్‌ల మీద రాసిన పెద్ద సమీక్షలో ఈ చిక్కును పర్యాయపదాల సమస్యగా చర్చించాడు. దీనికి తోబుట్టువు లాంటి చిక్కు ఇంకొకటుంది. కాలనీలో ఇద్దరు అప్పారావులుంటే ఒకడి చీటీ చూసి ఇంకొకడికి లెక్క చెప్పడం. ప్రతి ప్రోగ్రామూ తన అడ్రసుల్ని సున్నానుంచి మొదలుపెట్టుకోవచ్చు కనక ఒకే పేరు రెండు ప్రోగ్రాముల్లో రెండు చోట్లని సూచించవచ్చు.

1980లలో ఈ సమస్య పుస్తకాల్లోంచి బల్ల మీదికొచ్చింది. యూనిక్స్‌లో రెండు ప్రోగ్రాములు ఒకే మెమరీని పంచుకునే సౌకర్యాలు పెరిగాయి. ఒకే ఫైలుని ఇద్దరూ తమ తమ అడ్రసుల్లోకి తెచ్చుకోవడం మామూలైంది. అదే కాలంలో సన్ కంపెనీ తన సన్-3/200 వర్క్‌స్టేషన్లలో 64 కిలోబైట్ల క్యాష్ పెట్టింది. అది పేరునిబట్టి వెతికే క్యాష్. దాన్ని అదుపులో పెట్టే భారం ఆపరేటింగ్ సిస్టం మీద పడింది. అంటే యంత్రం వేగంగా పరుగెత్తుతుంది, లెక్క తప్పకుండా చూసే పూచీ ప్రోగ్రాంది.

ఈ భారాన్ని మొయ్యడానికి ఆపరేటింగ్ సిస్టంలు కనిపెట్టిన ఉపాయాలు ముఖ్యంగా నాలుగు. శేఠ్‌జీ కొట్టు భాషలోనే చెబుతాను.

మొదటిది, చీటీని పుస్తకంలోకి దించి చింపెయ్యడం. ఒక పేరుతో పని అయ్యాక, రెండో పేరుతో ఎవరైనా ముట్టుకునేముందు ఈ పని చెయ్యాలి. దీన్ని ఫ్లష్ అంటారు. నమ్మకమైన పద్ధతే కాని నెమ్మది. రెండోది, ఒక వేళలో ఒక పేరునే చెల్లనివ్వడం. రెండో పేరుతో ఎవరైనా అడిగితే వాళ్ళని గుమ్మంలో ఆపి, మొదటి పేరుని రద్దుచేసి, అప్పుడు లోపలికి రానిస్తారు. మూడోది, రెండు పేర్లున్న ఖాతాకి అసలు చీటీయే రాయకపోవడం. ప్రతిసారీ లోపలికి వెళ్ళి పుస్తకమే చూడాలి. సన్ యంత్రాల్లో పేర్లు పొసగనప్పుడు ఆ పేజీల్ని క్యాష్‌లోకి రానిచ్చేవారు కాదు.

నాలుగోది అన్నిటికన్నా తెలివైనది. దీనికి కొంచెం లెక్క కావాలి. పేజీ 4 కిలోబైట్లనుకుందాం. అడ్రసులోని చివరి 12 బిట్లు పేజీలో ఎన్నో బైటో చెబుతాయి. పేరు చోటుగా మారినా ఆ 12 బిట్లూ మారవు. క్యాష్ 8 కిలోబైట్లనుకుంటే, అట్టలో ఎక్కడ గుచ్చాలో తేల్చడానికి 13 బిట్లు కావాలి. అంటే ఒక్క బిట్టు మాత్రం పేరులోంచి వస్తుంది. ఆ బిట్టు సున్నా అయిన పేర్లన్నీ ఎర్ర సగంలోనూ, ఒకటి అయినవన్నీ నీలం సగంలోనూ పడతాయనుకోండి. ఒకే పేజీకి ఇచ్చే పేర్లన్నీ ఒకే రంగువైతే, ఎన్ని పేర్లున్నా చీటీ పడేది ఒకే చోట. గుచ్చేది పేరునిబట్టి అయినా, చీటీ మీద రాసుకునే గుర్తు చోటుది అయితే, అది పాత చీటీయేనని యంత్రం కనిపెడుతుంది. దీన్ని పేజీలకి రంగులెయ్యడం అంటారు. యూనిక్స్ జాతి సిస్టంల్లో షేర్డ్ మెమరీ ఎన్ని బైట్ల హద్దు మీద మొదలవ్వాలో చెప్పే ఒక అంకె ఉంటుంది. దాని పరమార్థం ఇదే. లినక్స్‌లో ఎంఐపీఎస్ చిప్పులకి ఆ అంకె 256 కిలోబైట్లు, హెచ్‌పీ వారి పీఏ-రిస్క్‌కి 4 మెగాబైట్లు.

ప్రతి చిప్పుకీ ఒక పద్ధతైతే ఆపరేటింగ్ సిస్టం రాసేవాడు ఏం చెయ్యాలి? దీనికి మంచి జవాబు అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీనుంచి వచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డి 1969 నుంచి పనిచేసిన చోటు, తరవాత కంప్యూటర్ సైన్సు విభాగానికి డీన్‌గా ఉన్న చోటు అదే. ఈ కథ మాత్రం ఆయనది కాదు. అక్కడ రిచర్డ్ రషీద్, ఏవీ టెవేనియన్ తదితరులు 1985 ప్రాంతంలో మాక్ అనే సిస్టం మొదలుపెట్టారు. 1987లో వాళ్ళు ప్రచురించిన పరిశోధనలో మెమరీ నిర్వహణని రెండు ముక్కలు చేశారు. ఏ చిప్పుకైనా ఒకేలా ఉండే పెద్ద భాగం ఒకటి. చిప్పు స్వభావం మాత్రం తెలిసిన చిన్న భాగం ఇంకొకటి, దానిపేరు పీమ్యాప్. పేర్లూ చోట్లూ ముడిపెట్టే పని ఈ చిన్న భాగానిది. ఈరోజు యాపిల్ కంప్యూటర్ల లోపల ఉన్న కెర్నెల్ మాక్ వంశానిదే. ఫ్రీబీఎస్‌డీలోనూ పీమ్యాప్ అనే పేరు ఇంకా బతికే ఉంది.

1992లో అదే యూనివర్సిటీనుంచి వీలర్, బెర్షాడ్ అనే ఇద్దరు మరో అడుగు వేశారు. ఆపరేటింగ్ సిస్టంలు భయంకొద్దీ అవసరానికి మించి ఫ్లష్ చేస్తున్నాయని వాళ్ళు గమనించారు. శకునం బాగాలేదని ప్రతిసారీ వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కునేవాళ్ళలా అన్నమాట. క్యాష్‌లో ప్రతి పేజీకీ నాలుగు స్థితులుంటాయని వాళ్ళు చెప్పారు. ఖాళీగా ఉండడం, సరైన నకలు ఉండడం, పుస్తకంలోకి దించని కొత్త లెక్క ఉండడం, పాచిపోయిన లెక్క ఉండడం. ఏ పని చేస్తే ఏ స్థితినుంచి ఏ స్థితికి మారుతుందో పట్టిక వేశారు. ఆ పట్టిక చూస్తే ఎప్పుడు చింపాలో, ఎప్పుడు అక్కర్లేదో తేలిపోతుంది. హెచ్‌పీ 700 యంత్రాల మీద మాక్‌లో దీన్ని అమలుచేసి, అక్కర్లేని ఫ్లష్‌లు తీసేస్తే సిస్టం వేగం పెరుగుతుందని చూపించారు. భయాన్ని తీసేసి లెక్కని పెట్టడం అంటే ఇదీ.

చిప్పులవాళ్ళూ ఊరుకోలేదు. 1991లో వచ్చిన ఎంఐపీఎస్ ఆర్4000లో, బయట రెండో స్థాయి క్యాష్ ఉన్న రకాలకి ఒక ఏర్పాటు చేశారు. ఫలానా చీటీ లోపలి అట్టలో ఏ రంగులో గుచ్చి ఉందో రెండో క్యాష్ గుర్తుపెట్టుకుంటుంది. వేరే రంగు పేరుతో ఎవరైనా వస్తే యంత్రం ఆగి ఆపరేటింగ్ సిస్టంని పిలుస్తుంది. ఇంటెల్ దారి వేరు. 1989 నాటి 486లో క్యాష్ చోటునిబట్టే పనిచేసేది. తరవాతి కాలంలో ఇంటెల్ మొదటి క్యాష్ 32 కిలోబైట్లుండి 8 వరసలుగా విడిపోయేది. ఒక్కో వరస సరిగ్గా 4 కిలోబైట్లు, అంటే ఒక్క పేజీ. పేరులోంచి ఒక్క బిట్టూ అక్కర్లేదు. ఇన్నేళ్ళపాటు ఆ క్యాష్ సైజు పెద్దగా పెరగకపోవడానికి ఈ కట్టుబాటు ఒక ముఖ్య కారణం. 2019లో 48 కిలోబైట్లు చేసినప్పుడు వరసల్ని 12 చేశారు. లెక్క మళ్ళీ నాలుగే. యాపిల్ 2020లో తెచ్చిన ఎం1 చిప్పు పేజీనే 16 కిలోబైట్లు చేసుకుంది. దానివల్ల 128 కిలోబైట్ల క్యాష్ కూడా 8 వరసల్లో ఏ చిక్కూ లేకుండా సర్దుకుంటుంది.

లినక్స్‌లో ఈ నియమాలన్నిటినీ డేవిడ్ మిల్లర్ ఒక పత్రంగా రాసి కెర్నెల్‌తోబాటు ఉంచాడు. అందులో నన్ను ఆలోచింపజేసిన అంశం ఒకటుంది. రెండో పేరు వేరే ప్రోగ్రాందే కానక్కర్లేదు. కెర్నెల్‌కి కూడా ప్రతి పేజీ మీదా తన సొంత పేరుంటుంది. కెర్నెల్ తన పేరుతో పేజీలో ఏదైనా రాసి, ప్రోగ్రాం తన పేరుతో దాన్ని చదివితే చాలు, ఏలియాసు పుట్టినట్టే.

ఇది చదివేసరికి నాకు మా ధరమ్‌కాంటా పెట్టె గుర్తొచ్చింది. మా డ్రైవరు చేస్తున్నది అక్షరాలా అదే. కెర్నెల్ పేరుతో కొత్త ఫోటోని రాస్తోంది. మా ప్రోగ్రాం అదే చోటుని తన పేరుతో చదువుతోంది. ఏఆర్ఎం 9 తరంలో క్యాష్ పూర్తిగా పేర్ల మీదే నడుస్తుంది. వెతకడమూ పేరునిబట్టే, చీటీ మీద గుర్తూ పేరే.

ఆధారాలు అప్పటికే నా ముందున్నాయి, నేనే వాటిని కలిపి చూడలేదు. ఒకటి, వేరేవాళ్ళు అతికించిన బోర్డులోనూ గీతలొచ్చాయి. ఈ సంగతి చెబితే "ఆ కుర్రాడు దాన్ని ముట్టుకునే ఉంటాడు" అన్నారు. రెండు, గీతల పొడవు ఎప్పుడూ 32 చుక్కలు, లేదా 64, లేదా 96. మా ఫోటోలో చుక్కకి ఒక బైటు. ఆ చిప్పు క్యాష్‌లో ఒక చీటీ పొడవు 32 బైట్లు. ఏ దయ్యమూ 32 ఎక్కం చదువుకుని రాదు. మూడు, సాయంత్రాలు. షిఫ్టు మారేవేళ లారీలు బారులుతీరి ఒకదాని వెనక ఒకటి కాంటా ఎక్కేవి. మధ్యలో వేరే ప్రోగ్రాం ఏదీ నడిచే వ్యవధి ఉండేది కాదు. ఇద్దరు అప్పారావుల సమస్యని తప్పించడానికి, ఆ తరం చిప్పుల మీద లినక్స్ ఒక ప్రోగ్రాంనుంచి మరో ప్రోగ్రాంకి మారినప్పుడల్లా క్యాష్ మొత్తం ఖాళీచేస్తుంది. మధ్యలో ఏదో ఒక ప్రోగ్రాం నడిస్తే పాత లారీ చీటీలు చిరిగిపోతాయి. నడవకపోతే మిగిలిపోతాయి.

నాలుగోది పూజ. పూజ అయ్యాక రెండు రోజులు గీతలు రాలేదు! మా యజమాని ముఖంలో వెలుగు చూడాల్సిందే. కాని పూజకి ముందురోజే నేను తప్పు వెతకడానికని, అడుగడుగునా ఒక సందేశం రాసే ఏర్పాటు చేశాను. ఆ సందేశాల్ని అందుకుని డిస్కు మీద రాసేది వేరే ప్రోగ్రాం. అది నడిచినప్పుడల్లా క్యాష్ ఖాళీ అయ్యేది. మూడోరోజు సందేశాలు ఆపేశాను, గీతలు తిరిగొచ్చాయి. చూస్తుంటే దాక్కుంటుంది, చూడకపోతే వస్తుంది అని మావాళ్ళన్నది నిజమే. ఎందుకు దాక్కుంటోందో మాత్రం వాళ్ళడగలేదు.

మందు పనిచేసినంత మాత్రాన రోగం పేరు సరైనదైపోదు. ఈ విషయంలో మా యజమానిని ఒక్కణ్ణే ఎగతాళి చెయ్యడం న్యాయం కాదు, గొప్పగొప్ప ఇంజనీర్లకీ ఇది జరిగింది. 2002 జనవరిలో ఏఎండీ అథ్లాన్ చిప్పూ, ఏజీపీ గ్రాఫిక్స్ కార్డూ ఉన్న యంత్రాల్లో లినక్స్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందని గగ్గోలు పుట్టింది. 4 మెగాబైట్ల పెద్ద పేజీలు వాడితే బయటపడే లోపం చిప్పులో ఉందని జెంటూ లినక్స్ వాళ్ళు ప్రకటించారు. కెర్నెల్ పెద్ద పేజీలు వాడకుండా చేసే ఒక ఆప్షన్ ఇస్తే యంత్రం కుదుటపడేది. అంటే మందు పనిచేసింది, కనక చిప్పుదే తప్పు అనుకున్నారు. కొద్దిరోజుల్లోనే ఏఎండీ ఇంజనీర్లు అసలు కారణం వివరించారు. గ్రాఫిక్స్ కోసం కేటాయించిన మెమరీని ఒక పేరుతో క్యాష్‌లోకి రానివ్వకుండా వాడుతున్నారు. అదే చోటు కెర్నెల్ పెద్ద పేజీల్లో ఇంకో పేరుతో, క్యాష్‌లోకి రావచ్చన్న అనుమతితో ఉండిపోయింది. చిప్పు ముందుచూపుతో ఊహించి కెర్నెల్ పేరు మీద ఆ చోటుని క్యాష్‌లోకి లాగి, తరవాత పాత లెక్కని కొత్తదాని మీద దించేస్తోంది. అంటే మళ్ళీ ఒకే చోటుకి రెండు పేర్లు! తరవాత లినక్స్‌లో అటువంటి పేజీకి కెర్నెల్ తన సొంత పేరు లక్షణాన్నీ మార్చుకునే సౌకర్యం చేర్చారు.

ఒకదాన్ని సర్దితే ఇంకొకటి కదిలిన సందర్భమూ ఉంది. 2011లో వచ్చిన ఏఎండీ బుల్డోజర్ చిప్పుల్లో, రెండు కోర్లు పంచుకునే క్యాష్‌లో రంగులు కలవక వేగం తగ్గేది. లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీల అడ్రసుల్లో మూడు బిట్లు ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చేసి దాన్ని సరిచేశారు. కాని దొంగలు ఊహించలేకుండా అడ్రసుల్ని చిందరవందరగా ఉంచడం ఒక రక్షణ. ఆ రక్షణలో మూడు బిట్లు పోయాయని 2015లో ఇద్దరు పరిశోధకులు పట్టుకున్నారు. యంత్రం మొదలైన ప్రతిసారీ ఆ మూడు బిట్లనీ కొత్తగా ఎంచుకునేలా మళ్ళీ సవరించారు. 2024లో కూడా, డేటా క్యాష్‌లో ఏలియాసు పుట్టే యంత్రమా కాదా అని అడిగి తెలుసుకునే ఏర్పాటు లినక్స్‌లో కొత్తగా చేర్చారు. అట్లాస్ వచ్చి అరవయ్యేళ్ళు దాటినా సమస్య చచ్చిపోలేదు, దాని కదలికలు తెలిసిపోయాయి అంతే.

ఇక మా పెట్టె సంగతి. డ్రైవర్‌లో రెండు పనులు చేర్చాను. కెర్నెల్ ఫోటో రాశాక తన పేరు కింది చీటీల్ని మెమరీలోకి దించడం, ప్రోగ్రాం చదివేముందు దాని పేరు కింది పాత చీటీల్ని చింపెయ్యడం. సందేశాలు ఆపేసి మూడు సాయంత్రాలు నడిపాం. ఒక్క గీత లేదు. అంతటితో ఒప్పుకుంటే నేనూ పంతులు పక్కన కూర్చున్నట్టే. అందుకని నాలుగో సాయంత్రం అందరి ముందూ ఆ రెండు పనులూ తీసేశాను. గంటలోపే పాత లారీ ముక్కలు ప్రత్యక్షమయ్యాయి. తిరిగి పెట్టాను, మాయమయ్యాయి. యజమానిని తనకిష్టమైనప్పుడు ఆ స్విచ్చి వెయ్యమన్నాను. ఆయన నాలుగుసార్లు వేసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. నిమ్మకాయలు అలాగే వేలాడుతూ ఉండిపోయాయి. కుర్రాడి ఉద్యోగం మాత్రం ఉండిపోయింది. తప్పు అతని చేతిలో లేదు, నేను రాసిన డ్రైవర్‌లో ఉంది. ఆ మాట నేనే అందరిముందూ చెప్పాను. చెప్పడానికి కొంచెం కష్టమే అయింది.

ఇది ఒక చిన్న ఆఫీసు కథ. మా రాష్ట్రంలో ఇదే తర్కం ఊళ్ళలో మనుషుల ప్రాణం తీస్తుంది. పిల్లవాడికి జ్వరం వచ్చినా, పశువు చచ్చినా, కారణం తెలియనప్పుడు ఎవరో ఒక ఒంటరి ఆడమనిషిని టోనహీ అంటారు, అంటే మంత్రగత్తె. కొడతారు, ఊరేగిస్తారు, ఒక్కోసారి చంపేస్తారు. దీన్ని ఆపడానికే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోనహీ ప్రతాడనా నివారణ చట్టం తెచ్చింది. చట్టం అవసరమే. కాని కారణం తెలియనిచోట నింద ముందుగా వెళ్ళి వాలేది ఎదురుచెప్పలేని మనిషి మీదే, ధరమ్‌కాంటా దగ్గరైనా, పల్లెలోనైనా.

ఆ కుర్రాడు తరవాత భిలాయ్‌లో మంచి ఉద్యోగంలో చేరాడు. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, "సార్, ఆ 32 మీకెలా తట్టింది?" అని అడిగాడు. తట్టలేదు, గీతలు లెక్కపెట్టానని చెప్పాను. స్కేలు పెట్టి, ఒక్కొక్క ఫోటో మీద, మూడు రాత్రులు.